కుర్చీ, నిమ్మకాయ, తాళంచెవి

పరీక్షకి ఇంకా మూడు రోజులున్నాయి.

టైలరు దుకాణం షట్టరు సగం దించాడు. కటింగ్ బల్ల మీదున్న గుడ్డ ముక్కలన్నీ ఒక పక్కకి నెట్టి భార్యని స్టూలు మీద కూర్చోబెట్టాడు. బల్ల అంచున సుద్దతో మూడు మాటలు రాశాడు. కుర్చీ. నిమ్మకాయ. తాళంచెవి. ఆమె చేత రెండుసార్లు పైకి చదివించి, వాటి మీద లైనింగు ముక్క ఒకటి కప్పాడు.

"ఇప్పుడు చెప్పు."

ఆమె లైనింగు ముక్క అంచు వేళ్ళతో తడిమింది. "దీని దారాలు ఊడిపోతున్నాయి. అంచు కుట్టలేదు," అంది.

"అది కాదు. మూడు మాటలు."

"ఎవరివి?"

"నీవే. గురువారం నీ పరీక్ష."

"ఈ వయసులో నాకు పరీక్షలేంటండీ," అని నవ్వింది. నవ్వితే ఆమెలో జబ్బు కనపడదు. అందుకే మొదటి రెండేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. టైలరు అసలే పట్టించుకోలేదు. ఆమె కుట్టే కాజాలు వంకరపోతుంటే కళ్ళజోడు మార్పించాడు.

పెద్దాసుపత్రి వెనక భవనంలో మతిమరుపు జబ్బు మీద పరిశోధన జరుగుతోంది. ఏడు నెలలుగా నెలకోసారి ఆమె చేతి నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది వెళ్తోందో ఎక్కించేవాళ్ళకి కూడా తెలియదు. మొదటి విడత ఈ గురువారంతో అయిపోతుంది. ముప్ఫై మార్కుల పరీక్షలో పద్దెనిమిదికి తగ్గకుండా వచ్చినవాళ్ళని రెండో విడతలోకి తీసుకుంటారు. అందులో అందరికీ అసలు మందే, రెండేళ్ళపాటు. తగ్గినవాళ్ళకి దణ్ణం పెట్టి ఇంటికి పంపిస్తారు.

కిందటి నెల ఆమెకి పందొమ్మిది వచ్చాయి. ఆ తర్వాత ఈ నెల రోజుల్లో ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టింది. రెండుసార్లు అతన్ని చూసి, "మాస్టారు ఇంట్లో లేరండీ, సాయంత్రం రండి," అంది.

పద్దెనిమిది రావని అతనికి తెలుసు. కిందటిసారి అతన్నీ లోపలికి రానిచ్చారు, పరీక్ష గదిలో మూలనున్న కుర్చీలో కూర్చుని అన్నీ విన్నాడు. అతనికి ఒకసారి విన్నది పోదు. ఛాతీ నలభై, నడుము ముప్ఫై ఆరు, చెయ్యి ఇరవై నాలుగున్నర అని కొలుస్తూ నోటితో అనుకుంటాడు తప్ప ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. పదేళ్ళ తర్వాత వచ్చిన మనిషికి కూడా, "నడుము రెండంగుళాలు పెరిగావు," అని చూడగానే చెబుతాడు. అలాగే పరీక్షలో అడిగినవన్నీ గుర్తుపెట్టుకున్నాడు. ఈ రోజు ఏ వారం, ఏ నెల, ఏ అంతస్తులో ఉన్నాం, నూరులోంచి ఏడేసి తీసెయ్, గడియారం బొమ్మ గియ్యి. ఆ మూడు మాటలు.

"కుర్చీ," అన్నాడు అందిస్తూ.

"కుర్చీ."

"తర్వాత?"

ఆమె షట్టరు కిందనుంచి కనిపిస్తున్న కాళ్ళకేసి చూస్తోంది. వచ్చేపోయేవాళ్ళ ప్యాంట్ల అంచులు. "ఆ ఎడమ కాలు పొట్టి," అంది.

అతను పక్కనున్న చెక్క స్కేలు తీసి బల్ల మీద ఒక్కటేశాడు. ఆమె ఉలిక్కిపడింది.

"నిమ్మకాయ," అంది.

టైలరు స్కేలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. రెండోసారి బల్ల మీద కొట్టాడు. "తాళంచెవి," అంది. మూడోసారి ఆ చప్పుడు పనిచెయ్యలేదు. ఆమె బల్ల మీద పడ్డ సొట్ట చూసి, "పాలిష్ పోతుంది," అంది.

అతను పని నేర్చుకున్న దుకాణంలో కాజా వంకరపోతే చెయ్యి చాపమనేవాళ్ళు. ఆ చేతికి తర్వాత కాజా వంకరపోలేదు. తనూ కొందరికి అలాగే నేర్పాడు. వాళ్ళలో ఇద్దరికి ఇవాళ సొంత దుకాణాలున్నాయి.

"చెయ్యి చాపు," అన్నాడు.

ఆమె చాపింది. ఎందుకని అడగలేదు.

ఒక్కటి. మెల్లగానే. దెబ్బ అని అతను అనుకోలేదు, తాకించానని అనుకున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని అరచెయ్యి చూసుకుంది, తర్వాత అతన్ని చూసింది.

"కుర్చీ, నిమ్మకాయ, తాళంచెవి," అంది.

*

మంగళవారం మధ్యాహ్నానికి వారం, నెల, సంవత్సరం వచ్చాయి. నూరులోంచి ఏడేసి తీసెయ్యడం మాత్రం రాలేదు. అతనే ఒక ఉపాయం కనిపెట్టాడు. కొలత టేపు ఆమె ఒళ్ళో వేసి సెంటీమీటర్ల వైపు తిప్పాడు. నూరు దగ్గర ఆమె బొటనవేలు పెట్టించి, ఏడు గీతలు వెనక్కి జరపమన్నాడు. ముప్ఫై ఏళ్ళు టేపు పట్టుకున్న వేలు అది. జరిగింది.

"తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై తొమ్మిది."

తర్వాత టేపు తీసేశాడు. ఆమె వట్టి ఒళ్ళో, లేని టేపు మీద వేలు జరుపుతూ చెప్పింది. "డెబ్భై రెండు. అరవై అయిదు."

అతను గ్లాసు నిండా టీ పోసి తెచ్చి, చల్లార్చి ఇచ్చాడు. ఆమె తాగుతుంటే పక్కనున్న గుడ్డముక్కతో మూతి తుడిచాడు. ఆ రోజు ఆమెకి అంత సేవ చేసినవాడు, అంతకు అరగంట ముందు గడియారం బొమ్మలో పన్నెండు పక్కన పదమూడు వేసినందుకు స్కేలు ఎత్తినవాడు, ఒక్కడే.

సాయంత్రం బావమరిది వచ్చాడు. ఆమెకి తమ్ముడు, టాక్సీ నడుపుతాడు. వీధి మలుపు దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాకా హారను కొడుతూనే వస్తాడు కాబట్టి అందరూ అతన్ని హారను అనే పిలుస్తారు.

"బావా, గురువారం ఎనిమిదింటికల్లా తయారుగా ఉండండి. ఆ తర్వాత నాకు స్టేషను బేరం ఉంది," అని, స్టూలు లాక్కుని అక్క పక్కన చేరాడు. "ఏమే అక్కా, నేనెవరిని?"

ఆమె చూసింది. "హారనువి."

"చూశారా బావా. పేరు పోయినా బిరుదు మిగిలింది."

"మందు పనిచేస్తోందిరా," అన్నాడు టైలరు. "ఈ రెండు రోజుల్లో చాలా తేలిక పడింది. కావాలంటే అడుగు, నూరులోంచి ఏడు తియ్యమని."

"నాకే రాదు, నేనేం అడుగుతాను. అయినా ఎక్కించేది మందో నీళ్ళో ఎవడికి తెలుసు? నీళ్ళయితే ఇంట్లో కుళాయి ఉందిగా, అంత దూరం నా పెట్రోలు ఎందుకు?"

"నీళ్ళయినా రెండో విడతలో అందరికీ మందే. అందులో పడితే చాలు."

"పడుతుందిలే." హారను అక్క భుజం మీద చెయ్యి వేశాడు. "చేతులు అలా తొడల కింద పెట్టుకున్నావేంటే, చలా?"

టైలరు లేచి ఫ్యాను తగ్గించాడు.

*

బుధవారం పొద్దున బ్యాంకు గుమాస్తా కోటు వేసి చూసుకోడానికి వచ్చాడు. కూతురి పెళ్ళికి వేసుకోవాలట. ఇంకా పచ్చికుట్టు మీదే, తాత్కాలిక దారాలతో ఉన్న కోటులో అద్దం ముందు కడుపు లోపలికి పీల్చి నిలబడ్డాడు.

"వదిలెయ్యండి," అన్నాడు టైలరు. "పెళ్ళి రోజంతా అలా పీల్చుకుని ఉండలేరు."

గుమాస్తా నవ్వి వదిలాడు. వీపు దగ్గర కుట్టు బిగిసింది. టైలరు సుద్దతో గీత పెట్టి, చేతి పొడవు సరిచేయడానికి బల్ల మీదనుంచి స్కేలు తీశాడు.

"నిమ్మకాయ," అంది ఆమె మూలనుంచి.

గుమాస్తా అద్దంలోంచి ఆమెకేసి చూశాడు. "నిమ్మకాయ రంగు కాదమ్మా. బూడిద రంగు. మా ఆవిడ ఎంపిక."

"తాళంచెవి," అంది ఆమె, ఇంకాస్త తొందరగా.

"బీరువాలో పెట్టి తాళం వెయ్యమంటున్నారు," అని గుమాస్తా పెద్దగా నవ్వాడు. "అంత బాగా కుదిరిందన్నమాట."

టైలరు కూడా నవ్వాడు. అడక్కుండానే చెబుతోంది. గుండుసూదులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి గుచ్చుతూ, రేపు పద్దెనిమిది కాదు, ఇరవై వస్తాయని లెక్కేసుకున్నాడు. రెండేళ్ళు మందు. రెండేళ్ళలో ఏమైనా జరగొచ్చు. మళ్ళీ ఆ మూల కూర్చుని కాజాలు కుట్టొచ్చు. ఇంతవరకూ ఈ వీధిలో అలాంటి కాజా కుట్టిన మనిషి లేదు.

గుమాస్తా వెళ్ళాక షట్టరు సగం దించాడు. సాయంత్రం దాకా ఎత్తలేదు.

*

పరిశోధన భవనంలో రెండో అంతస్తు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూల ఇంకో కుర్చీ. గోడకి గడియారం ఉండేది, పరీక్ష కోసం తీసేశారు, మేకు మిగిలింది. హారను కింద టాక్సీ దగ్గర ఉన్నాడు.

పరీక్ష పెట్టే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. మెడలో తగిలించుకున్న కార్డు మాటిమాటికీ తిరగబడుతుంటే సరిచేసుకుంటుంది. "బాబాయిగారూ, కిందటిసారి లాగానే. మీరు వెనక కూర్చోండి, నోరు విప్పకూడదు. దగ్గు వచ్చినా బయటికెళ్ళి దగ్గాలి," అంది.

"నేను చచ్చినా దగ్గను," అన్నాడు.

అమ్మాయి నవ్వి, అతని భార్య వైపు తిరిగింది. "పిన్నిగారూ, ఇవాళ ఏం వారం?"

"గురువారం."

నెల. సంవత్సరం. అంతస్తు. అన్నీ టకటకా వచ్చాయి. అమ్మాయి కలం కాగితం మీద ఆగకుండా నడిచింది. టైలరుకి భార్య వీపు మాత్రమే కనిపిస్తోంది. కోటు వెనక భాగం చూసి మనిషి ఎలా నిలబడ్డాడో చెప్పగలడు. ఆ వీపు బిగిసి ఉంది. చలేమో అనుకున్నాడు.

"ఇప్పుడు మూడు మాటలు చెబుతాను. నా తర్వాత చెప్పండి. కాసేపాగి మళ్ళీ అడుగుతాను. గుర్రం. వంతెన..."

"కుర్చీ, నిమ్మకాయ, తాళంచెవి," అంది ఆమె.

అమ్మాయి ఆగింది. "కాదు పిన్నిగారూ. గుర్రం, వంతెన, గొడుగు."

"కుర్చీ. నిమ్మకాయ. తాళంచెవి."

టైలరు ముందుకి వంగాడు. మాటలు మారుస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక కొలత ఒకసారి తీసుకుంటే అదే కొలత. ప్రతిసారీ మారే కొలత అతని పనిలో లేదు.

అమ్మాయి కింది కాగితాలు తిరగేసి పాత పేజీ తీసి చూసింది. చూసి, అతన్ని ఒకసారి చూసి, కాగితాలు మూసింది. గొంతు మార్చలేదు. "పర్వాలేదు పిన్నిగారూ. నూరులోంచి ఏడు తీస్తే?"

ఆమె ఒళ్ళో వేలు జరిపింది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై అయిదు. ఒక్కటీ తప్పలేదు.

"చాలా బాగా చెప్పారు. ఇందాక నేను చెప్పిన మూడు మాటలు ఏంటి?"

ఆమె అమ్మాయి మొహంలోకి చూసింది. "కుర్చీ," అంది. అమ్మాయి తల ఊపలేదు. "నిమ్మకాయ," అంది, గొంతు తగ్గించి. అమ్మాయి కాగితం మీద చిన్న సున్నా పెట్టింది.

టైలరుకి వెనకనుంచి కనిపించింది మోచెయ్యి మాత్రమే. భార్య కుడి మోచెయ్యి ముందుకి కదిలింది. ఎందుకు కదిలిందో అతనికి తెలుసు. బుధవారం మధ్యాహ్నం నుంచి చాపమని చెప్పాల్సిన పని లేకపోయింది. లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆమె అరచెయ్యి పైకి పెట్టి బల్ల మీదుగా చాపింది.

అమ్మాయికి అర్థం కాలేదు. రాయడానికి అడుగుతోందేమోనని తన కలం ఆ చేతిలో పెట్టింది. ఆమె కలం తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, మళ్ళీ చాపింది. మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. భుజాలు చెవుల దాకా లేచాయి. అలాగే ఉండిపోయింది.

అమ్మాయి ఆ చేతిని చూసింది. అరచేతి మధ్య అడ్డంగా సన్నటి ఎర్రటి చారలు. మెడలో కార్డు తిరగబడి ఉంది. సరిచేసుకోలేదు.

"బాబాయిగారూ," అంది. "ఇదేంటండీ?"

అతను నోరు తెరిచాడు. నోరు విప్పకూడదన్న మాట గుర్తొచ్చినట్టు మళ్ళీ మూశాడు.

అమ్మాయి లేచి బల్ల చుట్టూ వచ్చి, చాపిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా మడిచింది. అది మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మడిచింది. మూడోసారి మడిచి, వదలకుండా అలాగే పట్టుకుని, తలుపు వైపు చూసి పెద్ద డాక్టరుని పిలిచింది.

*

పెద్ద డాక్టరు అరవై దాటిన మనిషి. టైలరుని పక్క గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది. కాగితం మధ్యలో పెట్టింది.

"మధ్యలో ఆపేసినా ఇరవై వచ్చాయి," అంది.

అతను తల ఎత్తాడు.

"గొప్ప మార్కులే. పైగా నెల కిందటి మాటలు మూడూ గుర్తున్నాయి. మా మందు అంత పని చెయ్యదండీ. ఏ మందూ చెయ్యదు." కళ్ళజోడు తీసింది. "దేంతో కొట్టారు?"

"స్కేలుతో."

"ఎన్ని?"

"ఒకటో రెండో."

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. ఎవరి కొలతా మర్చిపోని మనిషి. సోమవారం ఒకటి. మంగళవారం నాలుగు. బుధవారం ఆరు.

"పదకొండు," అన్నాడు.

డాక్టరు ఆ అంకె రాసుకుంది. రాసుకుంటుందని అతను అనుకోలేదు.

"రెండో విడతలో అందరికీ మందే కదా, పాస్ అవ్వాలని..." అన్నాడు. "తన కోసమే కదండీ. గట్టిగా కూడా కొట్టలేదు. ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కసారి చెయ్యి ఎత్తలేదు. మా బావమరిదిని అడగండి."

"అడుగుతాం. ఒకటి చెబుతాను వినండి. ఈ జబ్బులో మనిషికి ఎవరు కొట్టారో పోతుంది. ఎందుకు కొట్టారో పోతుంది. కొట్టారన్నది మాత్రం పోదు. అది మెదడులో వేరే చోట ఉంటుంది, అక్కడికి ఈ జబ్బు ఆఖరున వెళ్తుంది. మీరు మూడు రోజుల్లో సరిగ్గా అక్కడ రాశారు."

"అయితే మందు?"

"ఈ మార్కులు లెక్కలోకి రావు. ఆవిడ పేరు తీసేస్తున్నాం. వారానికి రెండుసార్లు మా నర్సు మీ ఇంటికి వస్తుంది. ఆవిడ తమ్ముడికి మీరు చెబుతారా, నేను చెప్పనా?"

"నేను చెబుతాను," అన్నాడు. చెప్పలేదు. మెట్ల దగ్గర హారను అక్కని చూసి, "ఏమే, ఫస్టు క్లాసేనా? ఏదీ, చెయ్యి కలుపు," అని చెయ్యి చాపాడు. ఆమె తన చెయ్యి తిప్పి, అరచెయ్యి పైకి పెట్టి ఇచ్చింది. కళ్ళు మూసుకుంది.

హారను ఆ చెయ్యి చూశాడు. బావకేసి చూశాడు. పక్కనే నిలబడ్డ పరీక్ష అమ్మాయి మొహం చూశాడు. ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

దారిలో సంత రద్దీ. అడ్డంగా బళ్ళు, మనుషులు. హారను ఒక్కసారి కూడా హారను కొట్టలేదు. ముందున్న తోపుడు బండి కదిలేదాకా ఆగి, కదిలాక కదిలాడు. అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. దుకాణం ముందు ఆపి, ఇంజను ఆపకుండా, అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"స్టేషను బేరం ఒప్పుకున్నాను, తప్పదు. సాయంత్రం వచ్చి అక్కని తీసుకెళ్తాను. బట్టలు సర్దిపెట్టండి."

"ఒరే, నేను..."

హారను ఇన్నేళ్ళూ "మీరు" అనే అన్నాడు, ఇప్పుడూ అదే అన్నాడు. "మీరు నాకు పెళ్ళి కోటు కుట్టారు బావా. లేకపోతే ఇక్కడే వేరేగా ఉండేది."

*

బట్టలు సర్దడానికి పావుగంట పట్టింది. ఒక సంచీ. జాకెట్టు చేతులు లోపలికి మడిచి, మడత మీద మడత పెట్టి, కొట్లో పెట్టినంత శుభ్రంగా సర్దాడు. దువ్వెన, కళ్ళజోడు పెట్టె, మందుల కాగితం. ఆమె కటింగ్ బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. బల్ల అంచున సుద్ద అక్షరాలు ఇంకా ఉన్నాయి. అతను తడిగుడ్డతో తుడిచాడు. చెక్క సందుల్లో కొంచెం తెలుపు ఉండిపోయింది.

స్కేలు బల్ల మీదే ఉంది. ఇరవై ఆరేళ్ళ నాటిది, అంచులు అరిగి గుండ్రమయ్యాయి. విరిచేద్దామని తీశాడు. అతను దాన్ని చేతిలోకి తీసుకోగానే స్టూలు కిర్రుమంది. ఆమె వెనక్కి జరిగింది.

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్కేలు ఆమె చేతికిచ్చి, తన కుడి అరచెయ్యి చాపాడు.

"కొట్టు," అన్నాడు.

ఆమె స్కేలు చూసింది. చెయ్యి చూసింది.

"కొట్టవే. పదకొండు. నేను లెక్కపెడతాను."

ఆమె మెల్లగా స్కేలు ఎత్తింది. అతను కళ్ళు మూసుకున్నాడు. చెక్క అరచేతికి తగిలింది. చల్లగా, తేలిగ్గా, మణికట్టు మడత దగ్గర మొదలుపెట్టి నడివేలి కొన దాకా పడుకుంది. కళ్ళు తెరిచాడు. ఆమె వంగి, ఒక కన్ను మూసి, గీతలు చూస్తోంది. బొటనవేలి గోరు చివరి గీత మీద నిలబెట్టింది.

"ఏడుంపావు," అంది.

సరిగ్గానే చెప్పింది. అతని చెయ్యి ఏడుంపావే.

అతను అవునని అనాలి. అనలేదు. ఆమె అతని మొహంలోకి చూస్తూ కాసేపు ఎదురుచూసింది. తర్వాత స్కేలు తిరిగి అతని చేతిలో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, తన అరచెయ్యి చాపింది.